బర్మామైన్స్‌కి వచ్చిన జపాను దేవుడు

గురువారం పొద్దున్న టాటానగర్‌లో దిగుతున్నానని నేనెప్పుడూ చూడని ఒక జపానావిడ రాసిన ఉత్తరం బుధవారం సాయంత్రం నా చేతికి వచ్చింది. నిలబడే చదివాను. మళ్లీ చదివాను. తర్వాత చొక్కా తొడుక్కుని, ఎందుకో తెలియకుండానే బయల్దేరి, సాక్చీ బజారు దాకా నడిచి, అక్కడ ఏమీ కొనకుండా వెనక్కి వచ్చాను. నాకు కంగారు పుడితే కాళ్లు ముందు కదులుతాయి. బుద్ధి తర్వాత వస్తుంది.

"మీ శాఖలోని భక్తులందరినీ కళ్లారా చూడాలని నా కోరిక" అని ఆవిడ ఇంగ్లీషులో ఎవరి చేతో రాయించింది. నాకు శాఖ లేదు. భక్తులు లేరు. ఆ మాటకొస్తే నేనే భక్తుణ్ణి కాను.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఉక్కు కార్ఖానా లేబరేటరీలో ఉద్యోగం. ఉక్కు తురుమును ఆసిడ్‌లో కరిగించి, అందులో మాంగనీసు ఎంత, భాస్వరం ఎంత అని తేల్చి చీటీ మీద రాయడం నా పని. బర్మామైన్స్‌లో రెండు గదుల ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్లం. అంతకు మూడేళ్ల కిందట మా లేబరేటరీకి జపాను నుంచి ఒక యంత్రం వచ్చింది. బిగించడానికి ఒక మెకానిక్ కూడా వచ్చాడు. పెట్టె విప్పితే యంత్రం చుట్టూ కుక్కిన పాత వార్తాపత్రికలు. ఒక కాగితంలో ఫొటో ఉంది. పెద్ద మైదానంలో జనం, కనుచూపుమేర, మోకాళ్ల మీద కూర్చుని ఒక ముసలావిడ వైపు చేతులు జోడించారు. ఆవిడ ఒంటిమీద ముతక బట్టలు. చూస్తే పొలం పని చేసుకునే మనిషిలా ఉంది.

"ఎవరీవిడ?" అని మెకానిక్‌ని అడిగాను.

"కొత్త దేవుడు" అని నవ్వేశాడు అతను.

యుద్ధంలో ఓడిపోయాక వాళ్ల దేశంలో వానకి వెదురు మొలకలు లేచినట్టు కొత్త దేవుళ్లు లేచారట. ఒక రైతు భార్యకి పూనకం వస్తుంది. ఒక గుమాస్తాకి కలలో ఆజ్ఞ అవుతుంది. ఏడాది తిరిగేసరికి ఊళ్లకి ఊళ్లు వాళ్ల వెనక నడుస్తాయి. అతనికి ఇదంతా సిగ్గుచేటు వ్యవహారం. నాకు మాత్రం ఆ రోజు నుంచి మరో ఆలోచన లేదు. రెండు నెలలు అతని వెంటపడి అక్షరాలు నేర్చుకున్నాను. వెళ్లేటప్పుడు అతను ఒక వాచకం, ఒక నిఘంటువు, నాలుగైదు చిరునామాలు ఇచ్చి వెళ్లాడు.

ఆ చిరునామాలకి ఉత్తరాలు రాశాను. జవాబులు వచ్చాయి. కరపత్రాలు, పత్రికలు, దేవుడి బొమ్మలు వచ్చాయి. ఒకసారి ఎండబెట్టిన ఆకుల పొట్లం కూడా వచ్చింది. అమ్మ విశాఖ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మనిషి. ఆదివారం తెలుగు చర్చి, మా మాటల్లో గుడి, మానేది కాదు. ఆ పొట్లాన్ని చీపురుతో పక్కకి జరిపి, "ఏ దేవుడి కాయితాల్రా ఇవి? ఒక్క బైబిలు సదవడానికే నీకు తీరిక నేదు" అనేది.

నేను చేసిన పొరపాటల్లా మర్యాద. ఒక సంఘానికి రాస్తూ, "మా ఊళ్లో అన్ని రాష్ట్రాలవాళ్లూ ఉన్నారు, కష్టాలకి కొదవ లేదు, మీ బోధ వింటే చాలామంది సంతోషిస్తారు" అని ఉత్తరం ముగించాను. అది వాళ్ల పత్రికలో అచ్చయింది. పైన పెద్దక్షరాల్లో ఏదో ఉంటే, నాకు సరిగ్గా చదవడం చాతకాక, "పాఠకుల ఉత్తరాలు" కాబోలు అనుకున్నాను. అక్కడ ఉన్నది "జంషెడ్‌పూర్‌లో వెలిగిన దీపం" అని చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ దీపాన్ని చూడటానికే, బుద్ధగయ యాత్రకి వచ్చిన గుంపులోంచి ఒకావిడ విడిపోయి మా ఊరు బయల్దేరింది.

స్టేషన్‌కి అమ్మ కూడా వచ్చింది. ఆడమనిషి దిగుతుంటే మగవాడివి ఒక్కడివే వెళ్తే బాగోదని.

బండి ఆగింది. యాభై దాటిన మనిషి, పొట్టిగా, బూడిదరంగు బట్టల్లో, చేతిలో గుడ్డమూటతో దిగింది. నన్ను చూసి నడుం సగానికి వంచి దణ్ణం పెట్టింది. తర్వాత నా భుజం మీదుగా ప్లాట్‌ఫారం అంతా వెతికింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా. కూలీలూ, ఖలాసీలూ, బెంచీ మీద నిద్రపోతున్న ఒక సిపాయీ తప్ప ఎవరూ లేరు.

"మిగతావాళ్లు?" అని అడిగింది. ఆ ఒక్క జపాను మాట నాకు బాగానే అర్థమైంది.

అప్పుడే నిజం చెప్పేసి ఉంటే ఈ కథే ఉండేది కాదు. "డ్యూటీలో ఉన్నారు" అన్నాను.

"ఎవుర్రా ఈవిడ? మనకేటవుద్ది?" అంది అమ్మ పక్కనుంచి.

"జపాన్లో... వాళ్ల దేవుడి మనిషమ్మా."

అమ్మ ఆవిడ కాళ్ల వైపు చూసింది. బండిలో కూర్చుని కూర్చుని పాదాలు ఉబ్బిపోయి ఉన్నాయి. "ఎవురి దేవుడైతేనేటి, ఆడకూతురు ఇంత దూరం ఒచ్చింది. పద, రిక్షా పిలు. ముందు నీల్లు కాగెట్టాల" అంది.

అలా ఆవిడ మా ఇంట్లో దిగింది. రెండు రోజులు ఉంటుందనుకున్నాను. రెండు నెలలు ఉంది.

వాళ్ల సంఘంలో ప్రార్థన అంటే అరచెయ్యి ఎత్తడమే. ఎదుటి మనిషికి నొప్పి ఉన్న చోటికి జానెడు దూరంలో చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని కూర్చుంటారు. అరచేతిలోంచి వెలుగు పోతుందని వాళ్ల నమ్మకం. రెండో రోజు పొద్దున్న అమ్మ మోకాలు పట్టుకుని లేస్తుంటే ఆవిడ చూసింది. అమ్మని పీట మీద కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని చెయ్యెత్తింది. అరగంట అయింది. అమ్మ కదల్లేదు. లేచి, రెండడుగులు వేసి, "ఏటో, తగ్గినట్టే ఉన్నాది" అంది. నేను గోడవారగా కూర్చుని నోటుబుక్కులో రాసుకుంటున్నాను. మూడేళ్లుగా కాగితాల్లో చదివింది నా ఇంట్లో, నా తల్లి మోకాలి మీద జరుగుతోంది.

వారం తిరక్కుండా మా వరండా నిండింది. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, ఒక బిహారీ ముసలాయన, పక్క సందులోంచి ఇద్దరు సర్దార్ల ఇళ్ల ఆడవాళ్లు. ఆవిడ అందరికీ చెయ్యెత్తేది. నాలుగు మాటలు చెప్పేది. ఆ నాలుగు మాటల్నీ తెలుగులోనూ హిందీలోనూ చెప్పే పని నాది. నాకు వచ్చిన జపాను భాష ఎంతో నాకు తెలుసు. వాళ్లకి తెలియదు. నేను నోరు తెరిస్తే చాలు, అందరూ తలలు ఊపేవాళ్లు. ఆ ఊపు నాకు బాగా నచ్చింది. ఇది ఒప్పుకోవాలి.

వచ్చేవాళ్లలో మా పక్కింటాయన ఉన్నాడు. శ్రీకాకుళం వైపు మనిషి. కంట్రాక్టరు కింద వ్యాగన్లలోకి సరుకు ఎత్తే పని. నేను మావయ్య అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. వాళ్ల దేవుళ్లు వేరు, మా దేవుడు వేరు, కూరగిన్నెలు మాత్రం గోడ మీంచి అటూ ఇటూ తిరిగేవి. ఆయనకి టీబీ. రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్లి ఇంజక్షను వేయించుకుంటున్నాడు. వెళ్లిన ప్రతిసారీ ఒక పూట పని పోతుంది, సూది పోటుకి తుంటి వాచిపోతుంది, చెవుల్లో హోరు అని బాధపడేవాడు.

ఒకరోజు ఆయన ఈ మందులు ఇంకా వాడాలా అని అడిగాడు. నేను ఆవిడకి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, ఆయన కళ్లలోకి చూస్తూ ఒక వాక్యం అంది. కుసురి అంటే మందు. తయొత్తే అంటే ఆధారపడి. ఇకెమాసేన్ అంటే కూడదు. మూడు మాటలూ నాకు దొరికాయి. మధ్యలో ఇంకేదో చిన్న మాట దొర్లిపోయింది. దాన్ని వదిలేశాను.

"మందుల మీద ఆధారపడకూడదంటోంది మావయ్యా" అన్నాను.

"అంతేనేటి?" అన్నాడు ఆయన, మొహం వికసించిపోయింది.

మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం ఆయన భార్య కుళాయి దగ్గర కనిపించింది. ఇంజక్షను గురించి ఊరికే అడిగాను.

"ఎల్లనేదు కదేటి" అంది అత్త. "ఆ రోజునుంచే మానీసినాడు. సూయీ బంద్, దవాయి బంద్. ఆయమ్మ సెయ్యే సాలు అంతన్నాడు."

ఇక్కడ నేను చేసిన పని రాయడానికి ఇన్నేళ్ల తర్వాత కూడా కలం ఆగుతోంది. నేను ఆసుపత్రికి పరిగెత్తలేదు. ఇంటికి వెళ్లి నోటుబుక్కు తెరిచాను. "విశ్వాసం బలపడింది. వైద్యాన్ని పూర్తిగా విడిచిపెట్టాడు. ఇలాంటివి అక్కడి కరపత్రాల్లో చాలా చదివాను, ఇక్కడ కళ్లతో చూస్తున్నాను" అని రాసుకున్నాను. గొప్ప సంగతి దొరికిందనుకున్నాను. కలకత్తాలో మతాల మీద పనిచేసే ఒక ప్రొఫెసరుకి అంతకుముందే రాసి ఉన్నాను. ఆయనకి ఇది పంపాలనుకున్నాను. కుర్చీలో కూర్చోలేక గదిలోనే అటూ ఇటూ తిరిగాను. ఆనందం అనుకున్నాను దాన్ని.

నాలుగు రోజులకి మావయ్య వరండాలోనే దగ్గి, తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గుడ్డ తీసేసరికి ఎర్రగా ఉంది. జనం లేచి వెళ్లిపోయారు. అత్త ఆయన్ని పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

నేను ఆవిడ మీద విరుచుకుపడ్డాను. వచ్చీరాని భాషలో, "మందు మానమని ఎందుకు చెప్పారు? ఆయన చచ్చిపోతే?" అని అరిచాను.

ఆవిడకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. "నేను మానమనలేదు" అంది. అప్పటి వాక్యమే మళ్లీ చెప్పింది, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి. "కుసురి. దకే. ని. తయొత్తే వా. ఇకెమాసేన్."

నిఘంటువు తీశాను. దకే అంటే "మాత్రమే".

మందు మీద మాత్రమే ఆధారపడకూడదు. అంతే ఆవిడ అన్నది. మందు పుచ్చుకో, ప్రార్థన కూడా చేసుకో అని.

"నా భర్త ఈ జబ్బుతోనే పోయాడు" అంది ఆవిడ. "యుద్ధం రోజులు. మందు దొరకలేదు. దొరికి ఉంటే నేను ఏ దేవుణ్ణీ వెతుక్కోకపోదును."

ఆవిడే ముందు లేచింది. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పక్కింటికి వెళ్లింది. గుమ్మంలో అత్త కాళ్ల ముందు నుదురు నేలకి ఆనించి అలాగే ఉండిపోయింది. అత్తకి ఏమీ తోచక నా వైపు చూసింది. ఆవిడ మాటలు ఏం లేవు, తర్జుమా చేయడానికి. ఇక నేనే చెప్పాలి.

"తప్పు ఈవిడది కాదత్తా. నాది. ఆ రోజు ఒక మాట నాకర్థం కాలేదు. వదిలేసి చెప్పాను."

అత్త అరవలేదు. "అర్థం కాపోతే తెలీదని సెప్పాల గదా బాబూ" అంది. అంతవరకూ అత్త నన్ను అల్లుడూ అనేది.

రిక్షా తెచ్చాను. ఆసుపత్రికి మావయ్యతో నేనూ జపానావిడా కూడా వెళ్లాం. డాక్టరు కోప్పడ్డాడు, చేర్చుకున్నాడు. ఇంజక్షన్లు మళ్లీ మొదలయ్యాయి. మావయ్య బతికాడు. కానీ ఒక ఊపిరితిత్తి పనికిరాకుండా పోయింది. బరువులు ఎత్తే పని ఇక చేయకూడదన్నారు. చాలా నెలల తర్వాత అదే కంట్రాక్టరు గోదాము దగ్గర కాపలాకి పెట్టుకున్నాడు. జీతం తగ్గింది. మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. గోడ మీంచి కూరగిన్నె రావడం ఆగిపోయింది.

జపానావిడ ఇంకా ఉండగానే గుడి పెద్దలు ఒకసారి మా ఇంటికి వచ్చారు, ఈ అన్యదేవత ఏమిటని. అమ్మ వాళ్లకి టీ ఇచ్చి, "సెయ్యెట్టింది, నొప్పి తగ్గినాది. దానికి యేసుప్రభువు కోపం తెచ్చుకుంతాడేటి?" అని అడిగింది. వాళ్లు టీ తాగి వెళ్లిపోయారు.

జపానావిడ వెళ్లేముందు రోజు నన్ను కూర్చోబెట్టి అడిగింది, మీరు ఎప్పుడైనా నమ్మారా అని. లేదన్నాను. "నాకు తెలుసు" అంది. "నమ్మేవాళ్లు ఏదో ఒకటి అడుగుతారు. మీరు లక్ష ప్రశ్నలు అడిగారు కానీ మీకోసం ఒక్కటీ అడగలేదు."

మరి ఇన్నాళ్లూ మా ఇంట్లో ఎందుకు ఉన్నారని నేను అడిగితే, "మీ అమ్మగారి మోకాలు నొప్పిగా ఉంది కదా" అంది.

మరెందుకు ఉత్తరాలు రాశారని ఆవిడా అడిగింది. అప్పుడు మా నాన్న సంగతి చెప్పాను. నాన్న కార్ఖానా లోపల తిరిగే ఇంజన్లకి డ్రైవరు. చివరి మూడేళ్లూ మా గుడి మానేసి, రైల్వే కాలనీలో ఎవరో ప్రార్థనలతో జబ్బులు నయం చేసేవాడి దగ్గరికి వెళ్లాడు. గుడి జాబితాలోంచి పేరు కొట్టేశారు. ఉన్న దేవుణ్ణి వదిలి మరో దేవుడి దగ్గరికి మనిషి ఎందుకు పోతాడో తెలుసుకోవాలని నాకు చిన్నప్పట్నుంచీ ఒకటే ఆరాటం. ఆవిడ అంతా విని, "ఆయన్నే అడగలేకపోయారా?" అంది. నాన్న పోయేనాటికి నాకు పదమూడేళ్లు. అడగాలని తోచలేదు.

కలకత్తా ప్రొఫెసరు నా వ్యాసం చూసి చాలా మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ముఖ్యంగా వైద్యం మానేసిన కూలీ ఉదంతం దీనికి ప్రాణం అన్నారు. అప్పటికింకా నా తర్జుమా తప్పు సంగతి అందులో రాయలేదు. పంపేముందు రాద్దామనుకున్నాను, పంపేశాక రాద్దామనుకున్నాను. ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని పది రోజులు తిరిగాను. ఒక ఆదివారం బండెక్కి కలకత్తా వెళ్లి, జరిగింది జరిగినట్టు ఆయనకి చెప్పి, ఆ పేజీలు తీసేయమన్నాను.

ఆయన అద్దాలు తుడుచుకున్నారు. "అయితే ఇందులో మిగిలేదేమిటి?"

"మోకాలి నొప్పండీ" అన్నాను.

వ్యాసం సగమై అచ్చయింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ప్రొఫెసరు మాత్రం నన్ను మర్చిపోలేదు. ప్రైవేటుగా ఎమ్మే కట్టించారు, తర్వాత జపాను వెళ్లడానికి స్కాలర్‌షిప్పుకి ఆయనే రాశారు.

ఈలోగా పక్కింట్లో ఒకటి మొదలైంది. ఆసుపత్రి నుంచి వచ్చిన మావయ్య, గోదాము దగ్గర కూర్చుని కూర్చుని, ఎవరికైనా జ్వరం అంటే చెయ్యెత్తేవాడు. పక్కనే మందుసీసా ఉండేది. ఆదివారం పూట పదిమంది ఆయన వరండాలో చేరేవాళ్లు. జపానావిడ చెప్పిన మాటలు వాళ్లకి సగమే గుర్తు. మిగతా సగం వాళ్లే కల్పించుకున్నారు. ఒడియావాళ్లు ఒక భజన తెచ్చారు. ఎవరో కొబ్బరికాయ కొట్టడం పెట్టారు. గోడకి ఆవిడ ఫొటో, పక్కన సింహాచలం అప్పన్న. జబ్బుచేసినవాడు ముందు ఆసుపత్రి చీటీ చూపించాలి, ఆ తర్వాతే చెయ్యెత్తుతారు. ఆ నియమం అత్త పెట్టింది.

ఏ దేశంలోనైనా ఒక కొత్త మతం మొదటి రోజుల్ని కళ్లారా చూసిన పరిశోధకులు చాలా తక్కువ. నాకు గోడ అవతలే జరుగుతోంది. మధ్య గదిలో కూర్చుంటే భజన వినిపించేది. నేను కిటికీ దగ్గరికి వెళ్లేవాణ్ణి, వచ్చేవాణ్ణి, మళ్లీ వెళ్లేవాణ్ణి. అమ్మ గుడి నుంచి వచ్చి, చీర కూడా మార్చకుండా అక్కడికి వెళ్లి కూర్చునేది. "ఏం చేస్తారమ్మా? ముందు ఎవరు మాట్లాడతారు?" అని అడిగితే, "నన్నడుగుతావేటి, ఒచ్చి కూకోరాదా" అనేది. వెళ్లలేకపోయాను.

జపానులో రెండేళ్లున్నాను. ఎన్నో సంఘాలు తిరిగాను. అక్కడివాళ్లు నన్ను చాదస్తుడనేవాళ్లు. ఎవరు ఏం చెప్పినా, రాసుకున్నది మళ్లీ వాళ్లకే చదివి వినిపించి, ఇదేనా మీరన్నది అని అడిగేవాణ్ణి. ఇంకొకరికి రెండురోజులు పట్టే పని నాకు వారం పట్టేది. అలా చేసిన పని పుస్తకమైంది. ఆ పుస్తకం మీద కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ఒక మనిషి జీవితానికి సరిపడా పని దొరికింది.

తిరిగి వచ్చిన నెలలోనే, ఒక ఆదివారం, పక్కింటి వరండా మెట్టెక్కాను. చేతిలో నోటుబుక్కు లేదు. అయినా అత్త ఎదురొచ్చింది. జుట్టు నెరిసింది.

"కూకోవాలంతే కూకో. రాసుకోడం కుదరదు" అంది.

కూర్చున్నాను. ఇరవైమంది దాకా ఉన్నారు. కుర్రకారు హిందీలో గుసగుసలాడుకుంటున్నారు. మావయ్య చెయ్యెత్తాడు. అందరూ ఎత్తారు. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మోకాళ్ల మీద పెట్టుకున్నాను, తీశాను, వెనక్కి కట్టుకున్నాను. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లిపోదామనుకున్నాను. చివరిదాకా ఉన్నాను.

"ఏటి అల్లుడూ, ఏటైనా తెలిసినాదేటి?" అని నవ్వాడు మావయ్య, అందరూ లేస్తున్నప్పుడు.

"లేదు మావయ్యా."

"మాకూ అంతే" అన్నాడు.

అత్త కొబ్బరిముక్క చేతిలో పెట్టి, నా వైపు చూడకుండా పక్కవాళ్లకి పంచడానికి వెళ్లిపోయింది.

తర్వాత మరో మూడునాలుగు ఆదివారాలు వెళ్లానేమో. పుస్తకాలు రాశాను, దేశాలు తిరిగి ఉపన్యాసాలు ఇచ్చాను. కొత్త మతం ఎలా పుడుతుందో ఒక్క ఉదాహరణ చెప్పమని విద్యార్థులు అడిగితే, ఎక్కడో జపానులో మంచు పడే పల్లెటూరి సంగతి చెబుతాను. బర్మామైన్స్‌లో మావయ్య వరండా సంగతి నోటిదాకా వస్తుంది, అత్త మాట గుర్తొచ్చి ఆపేస్తాను. ఇప్పటిదాకా దాని గురించి నేను ఒక్క పేజీ కూడా అచ్చు వేయలేదు.